తాకకముందే

అందరూ తొందర అని పిలిచే పిల్ల ఈత కొలను గోడను తాకి తల పైకెత్తేసరికి బోర్డు మీద వాళ్ళ కాలేజీ పేరు అన్నిటికంటే పైన వెలుగుతోంది. గట్టు మీద జట్టులోని మిగతా ముగ్గురూ గొంతు చించుకుని అరుస్తున్నారు. ఏడాది పొడవునా నవ్వని మాస్టారు తలమీది టోపీని గాల్లోకి ఎగరేసి, తిరిగి పట్టుకోలేక, అది నీళ్ళలో పడితే చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. కెప్టెన్ అక్క మోకాళ్ళ మీద వంగి, ఎడమచెయ్యి అందించి తొందరను పైకి లాగింది. కుడిచేతివాటం మనిషి ఎడమచెయ్యి ఎందుకు అందించిందో అంతమందిలో తనకొక్కదానికే తెలుసనుకుంది తొందర.

ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. ఏడో నెలకే పుట్టేసింది. “ఇంకో రెండు నెలలు ఓపిక పట్టవే అంటే వినదే! ఏం కొంపలు మునిగిపోయాయనీ ఈ తొందర?” అని అమ్మమ్మ ఆసుపత్రిలోనే అన్న మాట అది. ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బడికి, బడి నుంచి కాలేజీ ఈత జట్టులోకి ఆ పేరే ఆమె వెంట నడిచి వచ్చింది. జట్టులో అందరికంటే చిన్నది, అందరికంటే వేగం గలది. అందుకే రిలేలో చివరి వంతు ఆమెకిచ్చారు.

నలుగురూ ఒకరినొకరు వాటేసుకుని ఇంకా గెంతుతూనే ఉన్నారు. తెల్లచొక్కా వేసుకున్న పోటీ అధికారి ఒకాయన మెల్లగా నడిచివచ్చి మాస్టారి చెవిలో ఏదో చెప్పాడు. మాస్టారి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. బోర్డు ఒకసారి ఆరి మళ్ళీ వెలిగింది. ఈసారి వాళ్ళ కాలేజీ పేరు అట్టడుగున ఉంది. పక్కన ఉండాల్సిన సమయం లేదు.

రిలేలో కఠినమైన నియమం ఒకటే. ముందు ఈదుతున్న మనిషి చెయ్యి గోడను తాకాకే, తరవాతి మనిషి కాళ్ళు దూకుడు దిమ్మను వదలాలి. రెప్పపాటు ముందు వదిలినా నలుగురు పడ్డ కష్టమూ లెక్కలోకి రాదు. మూడో వంతు ఈదింది కెప్టెన్ అక్క. ఆమె చెయ్యి గోడను తాకకముందే తొందర కాళ్ళు దిమ్మను వదిలేశాయి.

గెలిచిన జట్టు మొత్తానికి జాతీయ జట్టు ఎంపిక పోటీలకు పిలుపు వచ్చేది. తొందరకు, మిగతా ఇద్దరికీ వచ్చే ఏడు ఉంది. కెప్టెన్‌ది ఆఖరి సంవత్సరం. ఆమెకు ఇక వచ్చే ఏడు లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో, మొదటి వంతు ఈదే పొడుగమ్మాయి వెనక్కి తిరిగి, “ఒక్క రెప్పపాటు ఆగితే నీ సొమ్మేం పోయేదే?” అంది.

“నోర్ముయ్! ఎవరికైనా జరుగుతుంది,” అని కెప్టెన్ కసిరింది. తొందర పక్క సీట్లోకి వచ్చి కూర్చుని, “ఏం కాదులే. ఊరుకో,” అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో మరచిపోయిన వస్తువులా పడి ఉంది.

తిట్టిన మాట కంటే ఊరడించిన మాటే తొందరకు ముల్లులా దిగింది. ఎందుకంటే బస్సులో ఉన్నవాళ్ళందరూ అనుకుంటున్నట్టు అది కేవలం తడబాటు కాదు.

పోటీలకు వారం ముందు సంగతి. అందరూ వెళ్ళిపోయాక మరచిపోయిన తువ్వాలు కోసం తొందర బట్టలు మార్చుకునే గదిలోకి తిరిగి వచ్చింది. కెప్టెన్ బల్ల మీద కూర్చుని, చొక్కాలో కుడిచెయ్యి దూర్చలేక పళ్ళు బిగించి కన్నీళ్ళు కారుస్తోంది. భుజం వాచి ఉంది. చెయ్యి చెవి ఎత్తు దాకా కూడా లేవడం లేదు.

“మాస్టారికి చెప్పావంటే చంపేస్తాను,” అంది కెప్టెన్. మరుక్షణంలోనే గొంతు మార్చి, “నీకు పుణ్యముంటుంది, తొందరా. ఒక్క వారం. ఆ తరవాత ఈ చెయ్యి ఊడిపోయినా నాకేం ఫరవాలేదు. ఒట్టెయ్,” అంది.

తొందర ఒట్టు వేసింది. చొక్కా తొడిగింది. తల తుడిచింది. చూసినవాళ్ళు ఎంత ప్రేమ అనుకునేవాళ్ళు. ప్రేమ లేకపోలేదు. కానీ ఒట్టు వేస్తున్నప్పుడే ఆమె మనసు ఇంకో లెక్క వేస్తోంది. మాస్టారికి తెలిస్తే అక్క స్థానంలో అదనపు పిల్లను దించుతారు. ఆ పిల్ల ఈత నత్తనడక. అప్పుడు గెలుపు కల్ల. ఎంపిక చేసే పెద్దమనుషులు చూసేది చివరగా గోడను తాకే మనిషిని. ఆ మనిషి తనే.

ఇంకొకటీ ఉంది. పోటీ రోజున దిమ్మ మీద నిలబడి ఉండగా, వస్తున్న అక్క బారలు సగం దూరం దాటాక చిన్నవవుతున్నాయని తొందర చూసింది. చెయ్యి పడిపోతోందని అర్థమైంది. ‘అక్క పోగొడుతున్నది నేను దూకడంలో రాబట్టుకోవాలి’ అని క్షణంలో అనుకుంది. అనుకునే దూకింది. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియదనే అనుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ మామూలు ధోరణిలోనే, “ఏడో నెలకే వచ్చిందానివి, గోడ తాకేదాకా ఆగుతావా ఏమిటి?” అని నవ్వించబోయింది. పుట్టినప్పటి నుంచీ అందరూ నవ్వుకున్న ఆ మాటకు ఆ పూట ఎవరూ నవ్వలేదు. తొందర కంచం ముందు నుంచి లేచిపోయింది. అమ్మమ్మ బిక్కముఖం వేసి కూతురి వంక చూసింది.

సెలవులు అయ్యాక సాధన మళ్ళీ మొదలైంది. కెప్టెన్ రాలేదు. “చదువు ఎక్కువైంది, మానేస్తున్నాను,” అని మాస్టారికి ఫోన్‌లో చెప్పిందట. తొందర ఒంటరిగా దూకితే ఎప్పటిలాగే ఉంది. రిలే సాధనకు నిలబెడితే మాత్రం కాళ్ళు దిమ్మకు మేకులు కొట్టినట్టు అయిపోయేవి. ఎదురుగా మనిషి ఈదుకుంటూ వచ్చి, గోడను తాకి, ఊపిరి పీల్చుకుని, “దూకవే!” అని కింద నుంచి అరిచినా ఆమె అలా నిలబడే ఉండేది.

“ఒకసారి ముందు, ఒకసారి వెనక. నీతో చచ్చే చావుగా ఉంది,” అని పొడుగమ్మాయి విసుక్కుంది.

ఆ మర్నాటి నుంచి తొందర సాధనకు వెళ్ళడం మానేసింది. మానేసినట్టు ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బయలుదేరేది. బస్టాండు వెనక ఉన్న కుళాయి కింద తల తడుపుకుని, తువ్వాలూ ఈత బట్టలూ తడిపి పిండి, సంచీలో కుక్కుకుని, కాలేజీ లైబ్రరీలో జనం తిరగని మూల చూసుకుని కూర్చునేది. కెప్టెన్‌కు ఫోన్ చేద్దామని రోజూ అనుకునేది. తేలు కుట్టిన దొంగకు నోరెలా పెగులుతుంది? కెప్టెనే రెండుసార్లు చేసింది. తొందర ఎత్తలేదు. ఆ తరవాత ఆమె కూడా చేయడం మానేసింది.

తొందర వాళ్ళమ్మ కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. అద్దాలను అరగదీసి, ఫ్రేముల్లో బిగించే పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆవిడ వేలికి తెలుస్తుంది. ఒక సాయంత్రం తడిబట్టలు ఆరేస్తూ, ఈత బట్టలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“ఇటు రా,” అంది. వచ్చాక కూతురి తల వాసన చూసింది. “ఎన్నాళ్ళయింది పూల్‌లో దిగి?”

“ఇవాళే దిగాను కదమ్మా.”

“మూడేళ్ళుగా నీ తలగడ దగ్గర్నుంచీ ఆ క్లోరిన్ మందు నీళ్ళ కంపే. ఇప్పుడు కుళాయి నీళ్ళ వాసన వస్తోంది. నాకు చెవిలో పువ్వు పెట్టకు.”

తొందర నేలచూపులు చూస్తూ, రిలేలో ముందు దూకినందుకు ముఖం చెల్లక వెళ్ళడం లేదని చెప్పింది. అంతవరకే చెప్పింది. తల్లి ఆమెను దగ్గరకు తీసుకుని, “పిచ్చిదానా, కావాలని చేశావా ఏమిటి? నడిచే కాలే జారుతుంది,” అంది. ‘కావాలనే చేశాను’ అన్న మాట తొందర గొంతుదాకా వచ్చి, అడ్డంపడి, వెనక్కి పోయింది. చేయని తప్పుకు దొరికే ఓదార్పు చేసిన తప్పుకు మందవుతుందా? తల్లి తల నిమిరినకొద్దీ ఆమెకు ఏడుపు ఎక్కువైంది.

ఏడుపు సద్దుమణిగాక తల్లి ఇంకో మాట చెప్పింది. “నిన్న మీ కెప్టెన్ వాళ్ళమ్మ మా కొట్టుకొచ్చింది, చదువుకునే అద్దాలకి. ఆ పిల్ల భుజానికి ఆపరేషన్ అయిందిట. లోపల నరమేదో పూర్తిగా తెగిపోయిందిట. ఇక పోటీలకి ఈదకూడదన్నారుట. నీకు తెలీదా?”

తొందర తల అడ్డంగా ఊపింది.

“మీ అమ్మాయి ఎలా ఉంది, బెంగపెట్టుకోలేదు కదా అని ఆవిడే నన్నడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి చూడకపోతే మనిషివెలా అవుతావే?”

కెప్టెన్ వాళ్ళది లాండ్రీ. బజారు చివర, ముందు గదిలో గల్లా బల్ల, వెనక పొడుగాటి గదిలో ఉతికే యంత్రాలు, ఆరబెట్టే డ్రమ్ములు, రెండు ఇస్త్రీ బల్లలు. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రి గౌన్లూ అక్కడికే వస్తాయి. తొందర వెళ్ళేసరికి గదంతా వేడి ఆవిరి, సబ్బు వాసన. కెప్టెన్ కుడిచెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. ఎడమచేత్తో గౌన్లకు చీటీలు గుచ్చుతోంది. తొందరను చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చీటీలు గుచ్చుకుంటూ, “దారి తప్పావా?” అంది.

తొందర బదులు చెప్పేలోగా డ్రమ్ము దగ్గర నుంచి కెప్టెన్ నాన్న చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “రా తల్లీ రా! ఇన్నాళ్ళకా? మంచి సమయానికి వచ్చావు, ఆ దుప్పటి చివర పట్టుకో. రెండు చేతులున్నవాళ్ళకి ఇక్కడ కరువొచ్చింది,” అన్నాడు నవ్వుతూ.

పెద్ద దుప్పట్లు మడవాలంటే ఇద్దరు కావాలి. ఆయన ఒక చివర, తొందర ఒక చివర పట్టుకున్నారు. దులపడం, మడవడం, ఎదురెదురుగా నడవడం, మూలలు కలిపి ఆయన చేతిలో పెట్టడం. మడుస్తూనే ఆయన మాట్లాడుతున్నాడు.

“ఎవరికైనా ఒక్కరికి చెప్పి ఉంటే బాగుండేదమ్మా. డాక్టరు అన్నాడు, ఆ వారం రోజులూ విశ్రాంతిగా ఉంచి ఉంటే కోత దాకా వచ్చేది కాదు, మళ్ళీ ఈదేది కూడానూ అని. కడుపులో పెట్టుకుంది పిచ్చిది. మీతో కూడా అనలేదట కదా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తొందర చేతిలోని దుప్పటి మూల జారి నేల మీద పడింది. తలెత్తి చూస్తే కెప్టెన్ తననే చూస్తోంది. నోరు మెదపవద్దన్నట్టు తల చిన్నగా ఆడించింది. నాన్న దగ్గర కూడా ఆ ఒట్టు సంగతి దాచిందన్నమాట.

“దీనికి కాస్త గాలి తగలాలి నాన్నా, ఈ ఆవిరి అలవాటు లేదు,” అంటూ కెప్టెన్ ఆమెను పెరటి తలుపులోంచి సందులోకి తీసుకెళ్ళింది. గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం బుసబుసమని ఆవిరి కక్కుతోంది. పక్కనే ఖాళీ సబ్బు డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఇద్దరూ వాటి మీద కూర్చున్నారు.

“అక్కా, నేను తడబడి దూకలేదు,” అంది తొందర. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. “నీ చెయ్యి పడిపోవడం చూశాను. చూసి, నువ్వు తాకేదాకా ఆగితే ఓడిపోతామని దూకాను.”

కెప్టెన్ ఆవిరి గొట్టం వైపు ముఖం తిప్పుకుంది.

“తెలుసు,” అంది. “నీళ్ళలోంచి తల ఎత్తినప్పుడు నీ కాళ్ళు గాల్లో కనిపించాయి. తడబడ్డ కాళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలీదా? బస్సులో నీతో ఏం కాదులే అన్నాను చూడు, అది పచ్చి అబద్ధం. నీ ముఖం చూడలేక అన్నాను. చచ్చీచెడీ వచ్చానే గోడ దాకా! ఇంకొక్క బార. అది కూడా వేస్తానని నువ్వు నన్ను నమ్మలేదు. దాన్ని ఫరవాలేదు అని నేననను. నీ తప్పే అది.”

“అనొద్దక్కా,” అంది తొందర.

విచిత్రం ఏమిటంటే, ఆ మాటతో ఆమె గుండెల మీది బరువు తగ్గలేదు గానీ, చేతికి అందినట్టయింది. ఇన్నాళ్ళూ అందరూ ‘నీ తప్పేం లేదు’ అంటూ ఆ బరువును ఎక్కడ దింపుకోవాలో తెలియకుండా చేశారు. నీ తప్పే అన్నది ఈమె ఒక్కతే.

“చెయ్యి సంగతి దాచమన్నది నేను. ఆ పాపం నాది. అందులో నీకు వాటా ఇవ్వను,” అని కెప్టెన్ లేవబోయింది.

తొందర అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోవాలనే అనిపించింది కూడా. “ఉందక్కా వాటా,” అంది. “నీ మీద జాలిపడి దాచలేదు నేను. నువ్వు లేకపోతే గెలవలేమని, చివర్లో నన్నెవరూ చూడరని దాచాను. ఒట్టేసేటప్పుడే ఆ లెక్క వేసుకున్నాను.”

కెప్టెన్ ముఖంలో రంగు మారింది. కాళ్ళ సంగతి ఆమెకు తెలుసు గానీ ఇది తెలియదు. చొక్కా తొడిగి, తల తుడిచిన చెల్లెలు ఒకతె ఆమె జ్ఞాపకంలో ఉండేది. ఇప్పుడు ఆ పిల్ల కూడా పోయింది.

“ఇది నాకెందుకు చెప్పావు? నీ మనసు తేలికపడాలనా?” అంది నెమ్మదిగా. “నాకు కాదు. వెళ్ళి మా నాన్నకి చెప్పు. నా కళ్ళ ముందు ఆయన రోజూ తనని తాను తిట్టుకుంటున్నాడు, ఇంట్లోనే ఉండి కనిపెట్టలేకపోయానని. నేను చెప్పలేక చస్తున్నాను. నువ్వు చెప్పు.”

తొందర లోపలికి వెళ్ళింది. ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. ఆమె నిలబడే చెప్పింది, పోటీలకు వారం ముందే తనకు తెలుసని, తెలిసీ దాచానని. ఎందుకు దాచిందో కూడా చెప్పింది. ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె గౌను మీద అలాగే ఆగిపోయింది. గుడ్డ కమురు వాసన వచ్చేదాకా కదల్లేదు. అప్పుడు పెట్టె తీసి పక్కన నిలబెట్టి, మాడిన మచ్చను బొటనవేలితో రుద్దాడు. అది పోలేదు.

“ఇవాళ నీతో మాట్లాడలేనమ్మా,” అన్నాడు ఆమె వైపు చూడకుండా. “నోటికొచ్చింది అనేస్తాను. వెళ్ళిపో. రేపు రా.”

ఇంటికి ఎలా వచ్చిందో తొందరకు తెలియదు. అమ్మకూ అమ్మమ్మకూ అంతా చెప్పింది, ఈసారి ఏదీ మిగల్చకుండా. అమ్మమ్మ నోరు నొక్కుకుంది. “రేపు రమ్మన్నాడు కదా, వెళ్ళు,” అంది తల్లి. “తిట్టినా పడు. తిట్టకపోతే ఇంకా ఒద్దికగా ఉండు.”

మర్నాడు ఆయన తిట్టలేదు. “నాకింకా కోపంగానే ఉంది,” అన్నాడు. “ఆ మూల పట్టుకో.” ఆ పూటంతా ఇద్దరూ దుప్పట్లు మడుస్తూనే ఉన్నారు. పనికి కావలసిన మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ తరవాత కెప్టెన్ చేతికి పట్టీ తీసేదాకా తొందర కాలేజీ అయ్యాక రోజూ వెళ్ళింది. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. కొన్నాళ్ళకు ఆయన టీ తెప్పించినప్పుడు మూడో గ్లాసు కూడా తెప్పించడం మొదలుపెట్టాడు.

మాస్టారికి చెప్పడం మిగిలింది. ఆయన పూల్ గట్టు మీద తాళ్ళు చుడుతున్నారు. అంతా విని, తాడు కింద పెట్టి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

“ముప్ఫై ఏళ్ళుగా చేతులు నీళ్ళలోకి ఎలా దిగుతున్నాయో చూడటమే కదరా నా పని,” అన్నారు. “ఆ పిల్ల చెయ్యి వంకరగా పడుతోందని ఆ వారం మొదటిరోజే చూశాను. అడిగితే నిజం చెబుతుందేమో, చెబితే ఆపాలేమో అని అడగలేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నువ్వు పిల్లదానివి. నాకేమొచ్చింది?”

మాస్టారి తప్పు ఆయనది. అది విన్నంత మాత్రాన తనది చిన్నదైపోలేదు. ఆ ఆదివారం ఆయన లాండ్రీకి వెళ్ళారని, లోపల చాలాసేపు కూర్చున్నారని, వచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయని పొడుగమ్మాయి చెప్పింది. లోపల ఏం జరిగిందో తొందర అడగలేదు.

పూల్‌లోకి తిరిగి వెళ్ళడానికి ఇంకా చాలా కాలం పట్టింది. దిమ్మ మీద నిలబడితే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి. మాస్టారే ఆలోచించి ఆమెకు మొదటి వంతు ఇచ్చారు. మొదటి వంతు మనిషి ఎవరి చేతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఈల వింటే దూకడమే. ఎప్పటికైనా మళ్ళీ చివరి వంతుకు నిలబడతావా అని అడిగితే, తెలియదని చెప్పింది.

కెప్టెన్ పరీక్షలు రాసి పాసయింది. చెయ్యి తల మీదికి లేస్తుంది గానీ పోటీ ఈత ఈదే చెయ్యి కాదది. లాండ్రీలో లెక్కలూ హోటళ్ళతో బేరాలూ ఆమే చూసుకుంటోంది. ఒకప్పటిలా ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కబుర్లు చెప్పుకునే స్నేహం మళ్ళీ రాలేదు. కనబడితే మాట్లాడుతుంది. ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి, ముఖం తిప్పుకుని పనిలో పడిపోతుంది. అప్పుడు తొందర కూడా ఏదీ అడగదు.

మరుసటి ఏడు అదే పోటీల్లో జట్టు నాలుగో స్థానంలో వచ్చింది. తొందర తల తుడుచుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది.

“ఎన్నో స్థానం?” కెప్టెన్ గొంతు. వెనక డ్రమ్ములు తిరుగుతున్న మోత.

“నాలుగు.”

“ఛీ. ఎవరి వంతులో వెనకబడ్డారు?”

“రెండో వంతులో, కొత్తమ్మాయిది అక్కా. మలుపు దగ్గర తేలిపోయింది, పాపం.”

“ఏడుస్తోందా?”

తొందర గది అవతలి మూలకు చూసింది. కొత్తమ్మాయి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. “ఊఁ,” అంది.

“ఏం కాదులే అని మాత్రం చెప్పకు. వెళ్ళి పక్కన కూర్చో. సరే, కొట్లో జనం ఉన్నారు, పెట్టేస్తున్నా.”